ఉక్కుమీది పాఠము: డేవిడ్ స్మిత్ ‘క్యూబి’ శిల్పముల పరిశీలన

1

తెలుగున ‘శిల్పము’ అను మాటకు రెండు వాడుకలు కలవు. రాతిని, కంచును, కొయ్యను మలచి నిలిపిన రూపమునకు అది పేరు. కథయందును నాటకమునందును పద్యమునందును రచయిత చూపిన నిర్మాణనైపుణ్యమునకును అదియే పేరు. కథాశిల్పము, పద్యశిల్పము అని మన విమర్శకులు నిత్యము వ్రాయుచున్నారు. సాహిత్యవిమర్శ ఈ మాటను శిల్పుల వాడనుండి ఎరువు తెచ్చుకొన్నది. ఎరువు తెచ్చుకొన్నవారు ఒక్కొక్కప్పుడు ఇచ్చినవారి ఇంటికి పోయి యోగక్షేమములు విచారించుట ధర్మము. సాహిత్యవిమర్శకు అలవడిన సాధనములలో ఏవి శిల్పవిమర్శకు పనికివచ్చునో, ఏవి పనికిరావో పరీక్షించుటకై ఈ వ్యాసమున మేము మనుష్యరూపము గాని, దేవతారూపము గాని, జంతురూపము గాని లేని ఒక శిల్పమాలికను గ్రహించుచున్నాము. అమెరికా శిల్పి డేవిడ్ స్మిత్ 1961 మొదలు 1965 వరకు తుప్పుపట్టని ఉక్కుతో నిర్మించిన ‘క్యూబి’ అను 28 కృతులు ఆ మాలిక.

ఈ కృతులు నేడు ఒకచోట లేవు. 20వ సంఖ్య గల కృతి (1964) లాస్ ఏంజిలీస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శిల్పవనమునకు చెందినది. 1967లో ప్రారంభోత్సవము జరుపుకొన్న ఆ వనము 5 ఎకరములకు మించిన విస్తీర్ణము కలది. రోడేన్, మాతీస్ మొదలగువారి పనులతో కూడ 70కి పైగా శిల్పములు అందు కలవు. ఒక తరగతినుండి మరియొక తరగతికి పోవు విద్యార్థులు వానిని చూచుటకై ప్రత్యేకముగ రానక్కరలేదు. నడచు దారిలోనే అవి ఎదురగును. 13వది (1963) ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ప్రాంగణపు సేకరణలోనిది. 12వది (1963) వాషింగ్టన్‌లోని హిర్ష్‌హార్న్ ప్రదర్శనశాల సొత్తు. ఈ సంఖ్యలు నిర్మాణక్రమమును తప్పక అనుసరించునని భ్రమపడరాదు. 9వ సంఖ్య గలది 1961నాటిది కాగా 1వ సంఖ్య గలది 1963నాటిది.

ఇట్టి శిల్పము ఎదుట నిలిచినవాడు సాధారణముగ రెండు మాటలలో ఒకటి పలుకును. ‘దీనికి అర్థము లేదు’ అనుట ఒకటి. ‘ఇది చేయెత్తిన మనిషివలె ఉన్నది’ అనుట రెండవది. మొదటి మాట విమర్శను ఆరంభింపకముందే ముగించును. రెండవ మాట కృతియందు లేని పోలికను తెచ్చిపెట్టి ఆ పోలికనే మెచ్చుకొనును. రెండును కృతిని చూడకుండుటకు చేయు ఉపాయములే.

మా ప్రతిపాదన ఇది. అర్థవిచారమునకు పూర్వము పాఠనిర్ణయము జరుగవలెను. ఏది కృతి, ఏది కాదు? ఉక్కుపెట్టెల ఆకారము మాత్రమే కృతియా? వాని మీది గీతలును కృతియేనా? వానిపై పడు వెలుగు మాటేమి? ఒక ప్రాచీనకావ్యపు తాటాకుప్రతి చేతికి వచ్చినప్పుడు మన పరిష్కర్తలు మొట్టమొదట అడుగు ప్రశ్న ఇట్టిదే. స్మిత్ శిల్పముల విషయమున ఈ ప్రశ్న కేవలము పండితవినోదము కాదు. అది తప్పుగా పరిష్కరింపబడినందున కొన్ని కృతులు మరల రాని విధముగ చెడినవి.

2

స్మిత్ 1906లో ఇండియానా రాష్ట్రమందలి డెకేటర్ అను చిన్న పట్టణమున జన్మించెను. 1925 వేసవిలో సౌత్ బెండ్ నగరమందలి స్టూడిబేకర్ మోటారు కార్ఖానాలో కొన్ని నెలలు పనిచేసి లోహపుపనిని చేతికి తెచ్చుకొనెను. మరుసటి యేడు న్యూయార్కు చేరి చిత్రలేఖనము నేర్చెను. 1930 తరువాతి తొలి సంవత్సరములలో ఒక ఫ్రెంచి కళాపత్రికయందు పికాసో, హూలియో గొన్జాలెజ్ అనువారు ఇనుమును అతికి చేసిన శిల్పముల చిత్రములను అతడు చూచెను. గొన్జాలెజ్ కూడ వెల్డింగును ఒక మోటారు కార్ఖానాలోనే నేర్చినవాడగుట గమనింపదగినది. కార్ఖానాలో తాను చేసిన పని కళాకారుని పనియు కాగలదని స్మిత్‌నకు అప్పుడు తోచినది. 1933 నాటికి అతడు ఇనుమును అతికి తలల ఆకృతులను నిర్మించెను. 1934లో బ్రూక్లిన్ రేవున ‘టర్మినల్ ఐరన్ వర్క్స్’ అను ఇనుపపని కొట్టములో ఒక మూలను సంపాదించుకొనెను. 1940లో న్యూయార్కు రాష్ట్రపు ఉత్తరభాగమున, లేక్ జార్జి సరస్సు చెంతనున్న బోల్టన్ లాండింగున స్థిరపడి, తన పనికొట్టమునకు ఆ పాత కార్ఖానా పేరునే పెట్టుకొనెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున స్కెనెక్టడీలోని రైలు ఇంజనుల కార్ఖానాలో యుద్ధశకటములకు వెల్డింగు చేసెను.

ఈ జీవితరేఖను చెప్పుటలో మా ఉద్దేశము చరిత్రకథనము కాదు. ఇతని పరికరములు చిత్రశాలనుండి వచ్చినవి కావు, పనివాని కొట్టమునుండి వచ్చినవి అని స్థాపించుట మాత్రమే. భాషావిషయమున వాడుకపదము కావ్యగౌరవము పొందుటవంటిది ఈ పరిణామము. కార్ఖానాలో రేకును రేకుతో కలుపు మంట, ఏ మార్పును పొందకయే, శిల్పి చేతిలో ఉలి స్థానమును ఆక్రమించినది.

బోల్టన్ లాండింగు ఇంటిచుట్టును ఉన్న పొలములలో స్మిత్ తన కృతులను వరుసలుగ నిలిపెను. మంచు కురిసినను ఎండ కాసినను అవి అచటనే ఉండెడివి. వానిని కొండలకు, ఆకాశమునకు ఎదురుగ నిలిపి, కెమెరాను క్రిందుగ పట్టి, తానే ఛాయాచిత్రములు తీసెను. ఈ చిత్రములు పాఠనిర్ణయమునకు అత్యంతప్రధానములు. గ్రంథకర్త స్వహస్తముతో వ్రాసిన ప్రతి ఎట్టిదో, కర్త స్వయముగ నిలిపి స్వయముగ తీసిన ఈ చిత్రములును అట్టివే. మరియు అతడు పెక్కు కృతులపై తన పేరును తేదీని ఉక్కుమీదనే వ్రాసెను. మన కావ్యములయందలి ఆశ్వాసాంతగద్య వంటిది ఆ వ్రాత. కృతి ఎవరిది, ఎప్పటిది అను వివాదమునకు అది చోటీయదు. వివాదము పుట్టినది మరియొకచోట.

3

శిల్పనిర్మాణమున మూడు ప్రాచీనమార్గములు కలవు. రాతినుండి అక్కరలేనిదానిని తొలగించుట ఒకటి. మట్టిని లేక మైనమును చేర్చి రూపము తెచ్చుట రెండవది. ఆ రూపమును అచ్చుగ మార్చి కరగిన కంచును పోయుట మూడవది. ఈ మూడింటియందును సిద్ధించిన వస్తువు ఒక్కటే ముద్ద. దానికి లోపల అవయవవిభాగము లేదు. వ్యాకరణపరిభాషలో చెప్పవలెనన్న అది విడదీయరాని ప్రాతిపదిక వంటిది.

ఇనుపరేకులను రివెట్టులతో బిగించుట నాల్గవ మార్గము. అందు రేకు రేకుగనే ఉండును. ‘అన్నదమ్ములు’ అను సమాసమున రెండు మాటలును వేరువేరుగ తెలియుచు ప్రక్కప్రక్కన నిలిచినట్లు, రెండు రేకులును ఒకదానిపై నొకటి నిలిచి మేకుచేత కట్టుబడును. వెల్డింగు దీనికంటె భిన్నమైనది. అందు రెండు అంచులును సుమారు 1400 డిగ్రీల వేడిమికి మించి కాగి, కరగి, ఒకే ద్రవమై, చల్లారి ఒకే లోహమగును. ‘రామ’, ‘అనుజుడు’ అను పదములు కలిసి ‘రామానుజుడు’ అయినప్పుడు ఆ దీర్ఘమున మొదటి అకారము ఎచట ముగిసినదో, రెండవది ఎచట మొదలయినదో గీత గీసి చూపలేము. పూర్వపరముల రెండింటికిని బదులుగ ఒక్కటియే నిలుచుట సంధిలక్షణము. వెల్డింగు సంధియే. మేము దీనిని లోహసంధానమని పిలుచుట కేవలము సంస్కృతపదముపై మక్కువచేత కాదు.

తెలుగున ‘అతుకు’ అను మాటకు గౌరవము తక్కువ. అతుకు వేసిన వస్త్రము చినిగినదని అర్థము. అతుకుల కావ్యమనిన దూషణము. ఒకే రాతినుండి మలచినదనుట ప్రశంస. ఈ సంస్కారము మనయందు బలముగ ఉన్నందున, అతుకే ప్రాణముగ గల కృతిని మనము తేలికగ తక్కువచేయుదుము. కాని అతుకువలన లభించు స్వేచ్ఛను గమనింపవలెను. రాతి మీద రాయి నిలుచుటకు విశాలమైన ఆధారము కావలెను. వెల్డింగు చేసిన ఉక్కునకు ఒక అంచు చాలును, ఒక మూల చాలును. క్యూబి శిల్పములలో పెక్కింటియందు నిలువుగనున్న స్తంభమువంటి పెట్టెమీద, లేక బల్లవంటి అడ్డుమీద, చతురస్రములును దీర్ఘచతురస్రములును స్థూపములును వంకరగ, ఒరిగి, మూలమీద నిలిచి, ఒకదానినొకటి తాకీ తాకక ఉండును. ఏ క్షణమునైనను జారిపడునేమో అనిపించును. కాని జారవు. బరువు గల వస్తువు బరువును మరచినట్లు కనుపించుట ఈ మాలికయొక్క మొదటి గుణము. ఆ గుణము అతుకునుండి పుట్టినదే.

ఈ పెట్టెలు ఘనములు కావు. ఉక్కురేకులను కోసి, అంచులు కలిపి చేసిన బోలుపెట్టెలు. కూర్పును నిశ్చయించుటకు స్మిత్ కాగితపు అట్టపెట్టెలను ఒకదానిపై నొకటి అతికి చూచెడివాడు. పదములను అటునిటు మార్చి చూచు కవి పని వంటిదే అది. అతని పూర్వకృతులు కొన్నింటియందు వెల్డింగు గడ్డలు పైకి తెలియుచుండును, విసంధిగ విడిచిన పాదమువలె. క్యూబి శిల్పములయందు పెట్టెల అంచులను అతడు సానపట్టి సంధిని మరుగుపరచెను. కూర్పు కనుపించును, కుట్టు కనుపింపదు.

4

ఇచట రససిద్ధాంతమును ప్రయోగింపవలెనని కొందరికి తోచవచ్చును. విభావానుభావవ్యభిచారిభావముల సంయోగమున రసనిష్పత్తి యగునని భరతుని మతము. క్యూబి శిల్పమున నాయకుడు లేడు, నాయిక లేదు, ఆలంబనము లేదు. ఆలంబనము లేనిచోట అద్భుతరసమని ఒక పేరు తగిలించి తృప్తిపడుట శాస్త్రమునకు మేలు చేయదు, శిల్పమునకును మేలు చేయదు. సాధనము పనికిరానిచోట పనికిరాదని ఒప్పుకొనుట ఆ సాధనమునకు అగౌరవము కాదు.

పదముల విశిష్టమైన కూర్పునే రీతి యని పిలిచి, దానినే కావ్యమున ప్రధానముగ భావించిన వామనుని దృష్టి ఇచట కొంత దారి చూపును. క్యూబి శిల్పములందలి పదములు అత్యల్పము: ఘనము, పలక, స్థూపము. ఏ బడిపిల్లవానికైనను తెలిసిన ఆకారములే. కొత్తదనమంతయు కూర్పునందు ఉన్నది. మాలిక చివర వచ్చిన 24, 27, 28 సంఖ్యల కృతులు దీనికి మంచి నిదర్శనములు. ఈ మూడును ద్వారములు. రెండు నిలువులు, పైన ఒక అడ్డము, మధ్య ఖాళీ. ఇండ్లు కట్టుకొన్ననాటినుండి మనుష్యుడెరిగిన కూర్పు ఇది. అయినను ఈ ద్వారము ఏ ఇంటిదియు కాదు. దానిగుండ పోవుటకు లోపల లేదు, బయట లేదు. చుట్టునున్న చెట్లలోను మేఘములలోను కొంతభాగమును అది పట్టి చూపును. ఖాళీయే కృతియందు ప్రధానావయవమయినది. శిల్పి లోహముతో చెప్పినది ఎంతయో, లోహము లేనిచోట చెప్పినదియు అంతయే. ఆ ద్వారము వెనుక తెల్లగోడ ఉన్నచో ఆ చెప్పినది వినబడదు.

దోషమును చెప్పకుండుట విమర్శ కాదు. స్మిత్ మొదట చిత్రకారుడు. ఆ అలవాటు చివరివరకును అతనిని విడువలేదు. పెక్కు క్యూబి శిల్పములు ఎదుటినుండి చూచుటకై కూర్చినవి. ప్రక్కకు పోయి చూచినచో కూర్పు సన్నబడి, పెట్టెలు ఒకదానివెనుక నొకటి దాగి, విశేషము తగ్గును. 27వ కృతి వెడల్పున దాని లోతు సగమైనను లేదు. చుట్టు తిరిగి చూడదగిన శిల్పమును కోరువారికి ఇది కొరతగనే తోచును. మరియు 28 కృతులును సమానములు కావు. నిలువెత్తు మనిషిని జ్ఞప్తికి తెచ్చునవి పోలిక అను సులభమార్గమునకు కొంత చోటిచ్చును. ద్వారములు ఆ మార్గమును పూర్తిగ మూసినవి. మా దృష్టిలో ఈ మాలికకు శిఖరము ఆ ద్వారములే.

5

ఇక పైభాగమును చూతము. తుప్పుపట్టని ఉక్కులో నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ కాకుండ క్రోమియము ఉండును. అది గాలితో కలిసి అతిసూక్ష్మమైన పొరగ ఏర్పడి లోపలి ఇనుమును కాపాడును. కావుననే ఈ లోహమునకు రంగు పూయనక్కరలేదు, వానకు వెరవనక్కరలేదు. వంటపాత్రలకు ఈ ఉక్కును వాడుట మనకు తెలిసినదే. పాత్రలయందు అది నున్నగ మెరయును. స్మిత్ ఆ మెరుపును ఇష్టపడలేదు. కరెంటుతో తిరుగు సానచక్రమును చేతబట్టి, పెట్టెల ప్రతిముఖముపైనను వంపులుగ, సుడులుగ, అడ్డదిడ్డముగ గీతలు పెట్టెను. దగ్గరనుండి చూచినచో అది తొందరగ వ్రాసిన వ్రాతవలె ఉండును. దూరమునుండి చూచినచో గీతలు మాయమై, వెలుగు లోహముపైన కాక లోహము లోపల ఎచటనో ఉన్నట్లు తోచును.

ఉదయమున ఈ ఉక్కు ఒక రంగు, మధ్యాహ్నమున ఒక రంగు, సూర్యాస్తమయమున బంగారువన్నె. మబ్బు పట్టిననాడు బూడిదవన్నె. చెట్లదగ్గర నిలిపినచో పచ్చదనము దానిపై పాకును. నున్నని అద్దమైనచో ఆకాశమును ఉన్నదున్నట్లు చూపి ఊరకుండెడిది. గీతలు ఆ ఆకాశమును ముక్కలు చేసి, కదలించి, పెట్టె బరువును కరగించును. ఘనమైన ఆకారము, నిలుకడలేని పైభాగము అను ఈ రెండింటి వైరుధ్యమే క్యూబి శిల్పముల సారము. ఆకారము నిశ్చలము, తెలిసినది, లెక్కకు అందునది. పైభాగము చంచలము, లెక్కకు అందనిది. ఒకదానిని తీసివేసినచో రెండవదానికి అర్థము లేదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. ఆకాశమును శిల్పి చేయలేదు, వెలుగును అతడు అతుకలేదు, కావున అవి కృతిలోనివి ఎట్లగును అని. దీనికి సమాధానము పద్యమునుండియే చెప్పవచ్చును. పద్యమును చదువువాని కంఠమును కవి సృష్టింపలేదు. అయినను యతిని ఎచట నిలుపవలెనో, ప్రాసను ఎచట మ్రోగింపవలెనో ముందుగ నిర్ణయించి, రానున్న కంఠమునకు చోటు సిద్ధపరచినవాడు కవియే. కంఠము కవిది కాదు, కంఠమునకు చేసిన చోటు కవిది. అట్లే వెలుగు స్మిత్‌ది కాదు, వెలుగు నిలుచుటకు ఉక్కుపై చేసిన చోటు స్మిత్‌ది. ఈ కృతులను ఆరుబయలునకై ఉద్దేశించినట్లు అతడే చెప్పియున్నాడు. కావున గీతలు పాఠములోనివే, అలంకారము కావు. ఆరుబయలు పాఠమునకు అపేక్షితమైన సందర్భము.

ఛాయాచిత్రమును చూచి ఈ శిల్పములపై తీర్పు చెప్పువారు ఒక సంగతి మరువరాదు. ఛాయాచిత్రము ఒక గడియనాటి వెలుగును మాత్రమే పట్టును. అది ఒక్క ప్రతి. ఒక్క ప్రతిని చూచి పాఠమును నిర్ణయించు సాహసమును మనము కావ్యములయెడ చేయము.

6

ఈ విచారమునకు గల నిజమైన గురుత్వము రెండు సంఘటనలవలన తెలియును. రెండును స్మిత్ రంగుపూసిన శిల్పములకు సంబంధించినవి.

మొదటిది అతని జీవితకాలమున జరిగినది. 1950లో అతడు ‘17 హెచ్‌లు’ అను ఉక్కుశిల్పమును నిర్మించి, దానికి ఆరు పూతల ఎర్రరంగు పూసెను. అది చేతులు మారుచుండగా ఎవరో రంగును తొలగించిరి. ఉక్కునకు సహజమైన వన్నెయే మేలని కాబోలు తలంచిరి. 1960లో ఈ సంగతి తెలిసిన స్మిత్, ఆ వస్తువు ఇక తన కృతి కాదని పత్రికాముఖమున ప్రకటించెను. ఆకారమున ఒక్క అంగుళము మారలేదు. అతుకు ఒక్కటియు ఊడలేదు. అయినను కర్త దానిని త్యజించెను. పైభాగము పాఠములోనిదని కర్త స్వయముగ ఇచ్చిన సాక్ష్యము ఇంతకంటె స్పష్టముగ ఉండజాలదు.

రెండవది అతని మరణానంతరము జరిగినది. 1965 మే 23న స్మిత్ మోటారు ప్రమాదమున మరణించెను. పొలములలో పదులకొలది శిల్పములు నిలిచియే ఉండెను. వానిలో కొన్నింటికి తెల్లపూత మాత్రమే ఉండెను. ఆస్తి నిర్వాహకులుగ ముగ్గురు నియుక్తులైరి. వారిలో నొకడు ఆనాటి అమెరికా కళావిమర్శకులలో అగ్రగణ్యుడైన క్లెమెంట్ గ్రీన్‌బర్గ్. స్మిత్ ప్రతిభను తొలిదినములలోనే గుర్తించి లోకమునకు చాటినవారిలో అతడు ముఖ్యుడు. కాని స్మిత్ రంగుల వాడుక అతనికి రుచింపలేదు. నిర్వాహకుల కాలమున కొన్ని శిల్పములనుండి తెల్లపూత తొలగింపబడినది. మరికొన్ని ఎండవానలకు పూత రాలునట్లు విడువబడినవి. 1974లో రోజలిండ్ క్రాస్ అను పరిశోధకురాలు ‘ఆర్ట్ ఇన్ అమెరికా’ పత్రికయందు ఈ మార్పులను బయటపెట్టెను. పెద్ద వివాదము చెలరేగినది.

నిర్వాహకుల పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. తెల్లపూత తుదిరంగు కాదు, తుదిరంగునకు ముందు వేయు తొలిపూత. శిల్పి బ్రతికియున్నచో దానిపై మరియొక రంగు వేసెడివాడు. కావున తెల్లపూతను ఉంచుట కూడ కర్త ఉద్దేశమును నిలుపుట కాదు అని వారి వాదము. ఈ వాదమున కొంత సత్యము కలదు. కాని దానినుండి తీసిన నిర్ణయము తప్పు. అసంపూర్ణకావ్యము దొరికినప్పుడు పరిష్కర్త చేయదగినది అసంపూర్ణమని చెప్పి అచ్చువేయుట. కవి పూర్తిచేయలేదు కనుక ఉన్న పాదములను చెరిపి శుభ్రమైన తాటాకును మిగిల్చితిమి అని ఎవరును అనరు. తెల్లపూత గల శిల్పము అసంపూర్ణము కావచ్చును. అయినను అసంపూర్ణతయు కర్త విడిచిన స్థితియే. పూత తీసిన శిల్పము కర్త ఎన్నడును విడువని స్థితి.

ఇచట విమర్శకుడు పరిష్కర్తయై చేసిన పొరపాటు మన శాఖలవారికి కొత్తది కాదు. బ్రౌను పండితులను కూర్చి తాళపత్రప్రతులను పోల్చి శుద్ధప్రతులు వ్రాయించిన నాటినుండి మన పరిష్కరణచరిత్రలో ఈ ప్రలోభము మాటిమాటికి తల యెత్తుచున్నది. తనకు రుచింపని పాఠము ప్రక్షిప్తమనియు, రుచించినది కవిహృదయమనియు తలంచుట ఆ ప్రలోభము. పండితుడు ఎంత రసజ్ఞుడైన ప్రలోభము అంత బలవత్తరము. అల్పజ్ఞుడు పాఠమును అజాగ్రత్తచేత చెరచును. రసజ్ఞుడు ప్రేమచేత చెరచును. రెండవ నష్టము ఎక్కువ ప్రమాదకరము. ఏలయన అది పరిష్కరణమని పేరు పొందును. తాటాకుప్రతి విషయమున మరియొక ప్రతి ఎచటనైన దొరకునను ఆశ కలదు. ఉక్కుశిల్పమునకు రెండవ ప్రతి లేదు.

7

క్యూబి శిల్పములకు రంగు లేదు కనుక ఆ ఆపద వానికి తప్పినదని తలంపరాదు. ఆరుబయలున నిలిచిన ఉక్కుపై ధూళి చేరును, పక్షిరెట్ట పడును, చేతిముద్రలు అంటును, దుష్టులు గీతలు గీయుదురు. శుభ్రపరచువాడు ఉత్సాహముతో మరల సానచక్రము పట్టినచో స్మిత్ వ్రాత పోయి ఆ పనివాని వ్రాత మిగులును. చూపులకు భేదము తెలియకపోవచ్చును. శిథిలమైన అక్షరమును ఊహతో దిద్దిన ప్రతియందును భేదము చూపులకు తెలియదు.

ఈ భయముచేత కొన్ని సంస్థలు ఇట్టి శిల్పములను గదులలో నిలుపుచున్నవి. అది సంపూర్ణముగ అన్యాయమనము. ఇచట తారతమ్యము పాటింపవలెను. పైభాగమును మార్చుట పాఠమును మార్చుట. అది ఎన్నడును తగదు. గదిలో నిలుపుట పాఠమును మార్చుట కాదు, ప్రయోగమును ఆపుట. యక్షగానమును పుస్తకమున చదివినట్లుండును. అక్షరము చెడలేదు, ఆట లేదు. మరల ఆరుబయలునకు తెచ్చిననాడు ఆట మరల మొదలగును. ఒక పొలమునుండి మరియొక వనమునకు మార్చుట ఇంకను చిన్న విషయము. కృతులను అమ్మినవాడు స్మిత్ తానే. తాటాకునుండి అచ్చునకు వచ్చినందున కావ్యము వేరుకానట్లు, వెలుగును ఆకాశమును విడువనంతవరకు చోటు మారినందున శిల్పము వేరుకాదు. న్యూయార్కు రాష్ట్రమందలి స్టార్మ్ కింగ్ కళాకేంద్రము 1967లో బోల్టన్ లాండింగునుండి స్మిత్ శిల్పములు 13 కొని, తన విశాలమైన పచ్చికబయళ్లలో శిల్పములను నిలుపు సంప్రదాయమునకు వానిని పునాదిగ చేసికొన్నది. క్యూబి మాలికలోనివి కాకున్నను, ఆ శిల్పములు చోటు మారియు సందర్భమును కోల్పోలేదనుటకు సాక్ష్యములు.

కృతియొక్క అఖండత చట్టమునకును తెలిసిన విషయమే. మన 1957 కాపీరైటు చట్టపు 57వ సెక్షను కర్తకు ఈ హక్కును గుర్తించినది. అమర్‌నాథ్ సెహగల్ న్యూఢిల్లీ విజ్ఞానభవనమున నిర్మించిన కంచు కుడ్యశిల్పమును 1979లో తొలగించినందుకు, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శేషములను శిల్పికి మరల ఇప్పించి 5 లక్షల రూపాయల నష్టపరిహారము విధించెను. కాని చట్టము నష్టము జరిగిన పిమ్మట మాటలాడును. నష్టమునకు ముందు మాటలాడవలసినది విమర్శ. ఏది కృతిలోనిదో విమర్శ చెప్పనిచో, శుభ్రపరచువానికి గాని న్యాయాధిపతికి గాని తెలియు మార్గము లేదు.

8

మా విచారఫలితములను సంగ్రహముగ చెప్పుచున్నాము. రూపము లేని శిల్పమునకు అర్థమేమి అను ప్రశ్నను మేము తుదివరకు వాయిదా వేసితిమి. పాఠమును నిర్ణయించుకొని చూచినప్పుడు ఆ ప్రశ్న తన పదును కొంత పోగొట్టుకొన్నది. క్యూబి శిల్పము దేనినో పోలి దానిని తెలుపుట లేదు. బరువైనది తేలికగ నిలుచుటను, నిశ్చలమైనది వెలుగుతో కదలుటను, మూసినది తెరచినదగుటను అది మన కన్నుల యెదుట జరిపించుచున్నది. జరిగినదానిని చూచినవాడు అర్థమెక్కడ అని వెదకనక్కరలేదు.

రెండవది: ఆకారము కృతి, పైభాగము అలంకారము అను విభాగము ఇచట నిలువదు. సంధియు, గీతయు, ఆరుబయలును చేరి ఒక పాఠము. వానిలో సంధిని కర్త చేసెను, గీతను కర్త వ్రాసెను, ఆరుబయలును కర్త కోరెను. కావలివారు మొదటి రెండింటిని ముట్టరాదు, మూడవదానిని సాధ్యమైనంతవరకు తీర్పవలెను.

మూడవది: విమర్శకుడు, పరిష్కర్త అను ఇరువురి ధర్మములును వేరు. విమర్శకుడు కృతి బాగులేదనవచ్చును. స్మిత్ రంగులు బాగులేవని గ్రీన్‌బర్గ్ తలంచుట అతని హక్కు, బహుశః కొన్నిచోట్ల నిజము కూడ. కాని బాగులేదని తలంచినవాని చేతికి కృతిని చెరపు సాధనము దొరకినప్పుడు అతడు ఆ సాధనమును క్రింద పెట్టవలెను. పరిశోధకవిద్యార్థులు తాళపత్రముల ముందు కూర్చుండునపుడు ఈ ఉక్కుశిల్పముల కథను జ్ఞప్తియందుంచుకొందురుగాక. కవికంటె తనకు ఎక్కువ తెలియునని తోచిన క్షణమున కలమును ప్రక్కన పెట్టి, ఉన్న పాఠమును ఉన్నట్లు వ్రాసి, తన అభిప్రాయమును అడుగున వేరుగ వ్రాయుట ఉత్తమమార్గమని మా అభిప్రాయము.